ఐదేళ్లు దాటిన చిన్నమ్మ

పెద్ద జబ్బు నుంచి బయటపడి ఏళ్ల తరబడి బతికినవాళ్ల గురించి ఎవరూ రాయరు. జబ్బు పోయింది, ఇక చెప్పడానికేముంది అనుకుంటారు. మా చిన్నమ్మ విషయంలో నేనూ అట్లాగే అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, ఆమెకు చెప్పాను కూడా. అందుకే ఇది రాసిపెట్టక తప్పదు.

ఎమ్మిగనూరులో చిన్నాయన మగ్గం నేస్తే, చిన్నమ్మ రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కావలసిన నూలు కండెలకు చుట్టేది. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి పొద్దున దవడలో పెట్టుకున్న పొగాకు మధ్యాహ్నం దాకా అక్కడే ఉండేది. ఆ చోటే రాచపుండు లేచింది. మద్రాసులో కోసి, రేడియం పెట్టి బతికించారు. ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నారు. నేను ఆదోనిలో పత్తిమిల్లులో పని చేస్తూ, సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. ప్రతి ఏడూ ఆమెను రైల్లో తీసుకుపోయేది నేనే.

ఆరో ఏడు ఆమె సంచీతో మా ఇంటికి వచ్చింది.

“ఏమప్పా లైబ్రరీ డాక్టరూ, యా బండికి పోదాం?”

“అక్కర్లేదు చిన్నమ్మా. ఐదేండ్లు దాటితే జబ్బు పోయినట్టేనంట. లైబ్రరీలో ఇంగ్లీషు వైద్యం పుస్తకంలో ఉండాది.”

“అచ్చులో ఉండాదా?”

“ఉండాది.”

“అయితే ఆ రైల్లో ఒళ్లు హూనం సేసుకునేది తప్పింది,” అని నవ్వి, ఆ పూటే తిరుగు బస్సెక్కింది.

పేజీ తిప్పితే, అయినా చూపించుకోవడం మానకూడదని ఉంది; అది ఆలస్యంగా చూశాను. కష్టమైన మాటలు వస్తే దాటేసే అలవాటు నాది. దాటేశాను.

మరుసటి ఏడు దవడలో మళ్లీ పుండు లేచింది. వక్కాకులో సున్నం ఎక్కువై పొక్కిందనుకుని నెయ్యి రాసుకుంటూ నాలుగు నెలలు గడిపింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, “అది పోయిందని నువ్వే సెప్తివి కదప్పా,” అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నమ్మింది. బళ్లారి ఆసుపత్రికి పోతూ బస్సులో ఆ రెండో పేజీ సంగతి ఆమెకు చెప్పేశాను.

డాక్టరు పరీక్ష చేసి, నన్ను పక్కకు పిలవబోయాడు.

“నాకే సెప్పు సామీ. వీడు సగం సదివి సెప్తాడు,” అంది చిన్నమ్మ.

ఆయన మళ్లీ కూర్చుని అంతా ఆమెకే చెప్పాడు. ఇక నయం కాదు. మళ్లీ కోస్తే కొన్ని నెలలు కలిసిరావచ్చు, మింగడం మాత్రం కష్టం. ఏం చేయమంటావమ్మా అని అడిగాడు.

“కోయొద్దు. నొప్పికి మందియ్యి సాలు. ఇంట్లో మగ్గం సప్పుడు ఇనుకుంటా ఉంటా.”

మద్రాసు పోదామని నేను బతిమాలాను.

“నీ మనసు నెమ్మది కోసరం నన్ను కోయిస్తావా?” అంది.

వానలు పడకముందే పోయింది.

పేర్లు రాయను గానీ, ఆమెనే అడిగిన ఆ డాక్టరుకు, బళ్లారి నుంచి మందు తెచ్చిచ్చిన బస్సు కండక్టరుకు, సంగటిని జావలా పలచన చేసి ఓపిగ్గా తాగించిన పక్కింటి అక్కకు నా దండాలు. ఆమెకు వినిపించాలని మగ్గం ఆపకుండా నేసిన చిన్నాయనకు కూడా. మగ్గం మీది చీరలో పోగులు ఎన్నిసార్లు తెగాయో, కళ్లు తుడుచుకున్న తడిచేత్తో ఎన్నిసార్లు ముడేశాడో పక్కనే కూర్చుని చూశాను.