అట్ట కింద అతికించిన కాగితం

బైండరుకు ఆపరేషన్ పది గంటలకు. తొమ్మిదికే ఆయన మంచం చుట్టూ నర్సులు మూగారు. మూగింది ఆయన్ని చూడ్డానికి కాదు, ఆయన ఫైలును చూడ్డానికి.

ముప్పై ఏళ్లుగా స్కూళ్ల లైబ్రరీలకూ కోర్టు గుమాస్తాలకూ పుస్తకాలు కుట్టిన మనిషి. తన వైద్యం కాగితాలను ప్లాస్టిక్ సంచిలో కుక్కుకుని వస్తాడా? మెరూన్ రెక్సిన్ అట్ట, మూలలకు కాలికో గుడ్డ, అట్ట లోపలి వైపు నీటి అలల్లాంటి రంగుల కాగితం.

"మా డాక్టరమ్మ డిగ్రీ పట్టా కూడా ఇంత ముద్దుగా ఉండదు బాబాయ్," అంది ఒక నర్సు.

బైండరు నవ్వబోయి ఆగాడు. చెయ్యి దానంతటదే వెళ్లి వెనక అట్టను కప్పుకుంది.

ఆ వెనక అట్ట లోపల, రంగుల కాగితం కింద, రెండేళ్ల కిందటి కాగితం ఒకటి దాగి ఉంది. దానిమీద ఒక పెద్ద డాక్టరు రాసిన మాట: దీర్ఘకాలిక కాలేయ వ్యాధి. ఆరునెలలకోసారి వచ్చి చూపించుకోమని రాసి, కింద గీత కూడా గీశాడు. బైండరు ఒక్కసారీ వెళ్లలేదు. చింపి పారేద్దామంటే, రాసిన కాగితాన్ని చింపే అలవాటు ఆయన చేతులకు లేదు. అందుకని ఈ ఫైలు కట్టేటప్పుడు జిగురు రాసి అట్టకు అతికించి, పైన రంగుల కాగితం కప్పి, బరువు పెట్టి ఆరబెట్టాడు.

ఎందుకు దాచాడంటారా? సిగ్గు. లివరు పాడైందంటే వాళ్ల వీధిలో అర్థం ఒక్కటే, సీసా. ఈయనేమో మత్తుంటుందని దగ్గుమందు కూడా ముట్టని మనిషి. పైగా బావమరిది సాయంత్రాలు కాస్త పుచ్చుకుంటాడని తెలిసిన నాటినుంచీ, వాడు కనిపిస్తే చాలు, నలుగురిలోనూ తన డొక్క మీద తట్టుకుని, "లివరుండేది ఇక్కడేరా. నాది అద్దంలా ఉంటుంది. నీది చూసుకో," అని పాఠం చెప్పేవాడు. అలాంటివాడు ఆ కాగితం పట్టుకుని ఏ మొహంతో ఇంటికెళ్తాడు? పెళ్లానికి కూడా చెప్పలేదు.

పోయిన నెల ఒకరోజు అన్నం తిని లేచేసరికి కుడి డొక్కలో మెలిపెట్టింది. నొప్పి వీపు దాకా పాకింది. స్కాన్ తీసి, పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. బైండరుకు ప్రాణం లేచొచ్చింది. రాళ్లంటే మర్యాదైన జబ్బు, ఎవరికైనా చెప్పుకోవచ్చు. పుస్తకాలు అచ్చేసే ప్రెస్సువాళ్లకు సైజులతో సహా చెప్పుకున్నాడు. కాకపోతే ఆ స్కాన్ కాగితం అడుగున రెండు లైన్లున్నాయి, లివరు గరుకుగా ఉందని. ఫైలు కుట్టేముందు అంచులు సమం చేయాలి కదా! కటింగ్ మిషన్ కింద ఆ కాగితాన్ని రెండు వేళ్ల మేర కిందికి జరిపాడు. ఆ రెండు లైన్లూ తెగిపడ్డాయి.

మొదట చూసిన డాక్టరు సెలవు పెట్టడంతో కోసే పని ఇంకో డాక్టరమ్మ మీద పడింది. ఆవిడ వచ్చీ రాగానే ఫైలు తెరిచింది.

"ఈ స్కాన్ కింద సంతకం లేదేం?"

"అంచు సమం చేశానమ్మా. పని అలవాటు."

"సంతకాన్ని కూడా సమం చేశారా?"

తోడుండడానికి వచ్చి కిటికీ పక్కన నిలబడ్డ బావమరిది కిసుక్కున నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. రక్తం రిపోర్టు మీద వేలు పెట్టింది.

"ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి. ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా?"

"వచ్చిందమ్మా."

"ఎప్పుడు బావా?" అన్నాడు బావమరిది. "ఈయనకి తుమ్ము కూడా రాదండీ."

"నీతో చెప్పి తెచ్చుకోవాలంట్రా?" బైండరు పళ్లు కొరికాడు.

"ఏవీ, అరచేతులు చూపించండి."

చూపించక తప్పలేదు. బొటనవేలి కింద, చిటికెనవేలి కింద ఎర్రగా కంది ఉన్నాయి.

"రెక్సిన్ రంగేనమ్మా అది," అన్నాడు, ఆవిడ అడక్కముందే.

డాక్టరమ్మ దూది తీసి, స్పిరిట్‌లో ముంచి, అరచేతిని గట్టిగా రుద్దింది. దూది తెల్లగానే ఉంది. చెయ్యి ఎర్రగానే ఉంది.

"మందు పుచ్చుకుంటారా?"

ఏ ప్రశ్నకు రెండేళ్లు భయపడ్డాడో ఆ ప్రశ్న, ఎవడి ముందు రాకూడదో వాడి ముందే వచ్చింది.

"ఎవరు, మా బావా?" బావమరిది ముందుకొచ్చేశాడు. "నేను కాస్త వేసుకుని వెళ్తే, నేను కూర్చున్న కుర్చీ కడిగించే మనిషండీ! మా ఇంటిల్లిపాదికీ ఆ శాఖ చూసేది నేనొక్కణ్నే."

"మిమ్మల్ని అడగలేదు బాబూ." ఆవిడ బైండరు వైపు తిరిగింది. "లివరు దెబ్బతింటే అరచేతులు ఇలా కందుతాయి, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, రక్తం ఆగడం కష్టం. ఆ సంగతి తెలియకుండా కోశాననుకోండి, బల్ల మీద ఏమైనా జరగొచ్చు. ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

అప్పుడే చక్రాల మంచం కీచుమంటూ వచ్చి గుమ్మంలో ఆగింది. "థియేటరు సిద్ధం మేడమ్," అన్నాడు తోసుకొచ్చినవాడు.

బైండరు బావమరిది వైపు తిరిగాడు. "ఒరే, కిందికెళ్లి మంచినీళ్లు పట్రా."

"ఆపరేషన్ ముందు నువ్వు తాగకూడదుగా బావా?"

"నువ్వు తాగు!"

"నాకు దాహంగా లేదు."

వీడు కదలడు. ఆ మంచం కదిలేట్టుంది. బైండరు ఒకసారి వీడి మొహం చూశాడు, ఒకసారి ఆ మంచం చక్రాలు చూశాడు.

"అమ్మా, ఒక బ్లేడు ఇప్పించండి."

బావమరిది ఉలిక్కిపడి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ఏంటి బావా, రాళ్లు నువ్వే తీసుకుంటావా?"

"వదల్రా. ఫైలుకి."

నర్సు అందించిన బ్లేడు తీసుకుని వెనక అట్ట అంచున పెట్టాడు. రంగుల కాగితం పీలికలుగా లేచింది. కింద పసుపు పచ్చబడ్డ కాగితం మీది అక్షరాలు బయటపడ్డాయి. డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. ఆవిడ భుజం మీదుగా బావమరిది కూడా చదివాడు.

"షుగరు కూడా ఉందని రాశారిందులో. ఎన్నాళ్లుగా?" అంది డాక్టరమ్మ.

"పన్నెండేళ్లు. నేను తాగనమ్మా. ఒట్టు."

"తాగకపోయినా వస్తుంది. షుగరు, లోపల పేరుకున్న కొవ్వు చాలు. పైత్యరసాన్ని తయారుచేసేదే లివరు. అది ఏళ్ల తరబడి దెబ్బతింటే ఆ రసం పాళ్లు మారతాయి. పిత్తాశయం సరిగ్గా ఖాళీ అవదు. ఎర్రకణాలు కూడా ఎక్కువ విరుగుతాయి. మడ్డి పేరుకుని రాయి కడుతుంది. అందుకే లివరు జబ్బున్నవాళ్లలో రాళ్లు ఎక్కువ. మీరు చూపించిన రాళ్లకీ, దాచిన ఈ కాగితానికీ చుట్టరికం ఉండొచ్చు."

"మరి ఆపరేషను?"

"ఈరోజు లేదు. ముందు లివరు డాక్టరు చూడాలి. తీయాలా, కొన్నాళ్లు ఆగాలా అన్నది ఇద్దరం కలిసి తేలుస్తాం." ఆవిడ ఆ ఫైలును జాగ్రత్తగా పట్టుకుని వెళ్లిపోయింది. చక్రాల మంచం ఖాళీగా వెనక్కి మళ్లింది.

బైండరు గోడవైపు చూస్తూ అన్నాడు. "నవ్వరా. ఇన్నేళ్ల బాకీ తీర్చుకో."

"నవ్వొస్తే నవ్వనా బావా?" వాడు మంచం పక్కకొచ్చి నిలబడ్డాడు. "అక్క బయట కూర్చుంది. ఏం చెప్తావు? పోనీ, నా సావాసం వల్ల వచ్చిందని చెప్పు. తిట్లు నాకు అలవాటేగా."

"నోర్ముయ్‌రా," అన్నాడు బైండరు. మంచం దిగి నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది, ఆసుపత్రి గౌనుకు వెనకాల ముడి ఊడిపోయిందని. బావమరిది గబుక్కున రెండు అంచులూ కలిపి పిడికిట పట్టుకున్నాడు. అలాగే ముందొకరు వెనకొకరు వరండాలోకి నడిచారు.

బెంచీ మీద కూర్చున్న ఆయన భార్య లేచి నిలబడింది. "ఇదేంటి, నడిచొస్తున్నారు? అయిపోయిందా?"

"మొదలే కాలేదు. నీకు రెండేళ్ల కిందటే చెప్పాల్సింది ఒకటుంది."

ఆవిడ మొగుడి మొహం చూసింది. వెనకాల గౌను పట్టుకుని నేల చూపులు చూస్తున్న తమ్ముణ్ని చూసింది. బెంచీ మీది సంచీ తీసి కింద పెట్టింది.

"కూర్చోండి," అంది. "మొదట్నుంచీ చెప్పండి."