వ్యానక్క తాళాలు

తారురోడ్డు ఆగిపోయి కాలిబాట మొదలయ్యే చోట చదును చేసిన జాగా ఒకటుంది. కొండల్లోకి వెళ్లేవాళ్లంతా బళ్లు అక్కడే వదిలి నడక మొదలుపెడతారు. అక్కడ కాపలా ఉండదు, ఫోను పలకదు. వ్యానక్క మొదటి వ్యాను పోయింది అక్కడే. నాలుగు రోజుల తర్వాత కొండ దిగి వస్తే బండి ఉండాల్సిన చోట గడ్డి మీద నూనె మరక కనిపించింది, అంతే. బండి దాని వెనకాల ఎక్కడో నక్కి ఉన్నట్టు ఆ మరక చుట్టూ రెండుసార్లు తిరిగింది. తర్వాత పద్దెనిమిది కిలోమీటర్లు నడుచుకుంటూ ఊరు చేరింది. 

పదమూడేళ్లు బడిపిల్లలను వ్యానులో తిప్పిన మనిషి ఆమె. ఇరుకు సందుల్లో హారన్లు వినీవినీ విసుగెత్తి కొండల పనికి మారింది. మొక్కలు వెతికేవాళ్లనీ, భూమి కొలిచేవాళ్లనీ వ్యానులో తీసుకొచ్చి, తానే దారి చూపిస్తూ పైకి నడిపించి, మళ్లీ కిందికి దింపేది. వంటకూ మోతకూ తమ్ముడు. నలభై ఏళ్లొచ్చినా అందరికీ అతను చిన్నోడే.

రెండో వ్యాను కొన్నాక ఆమెకు బండి దిగడమే పెద్ద తతంగమైంది. ముందు చక్రాలను పక్కకు తిప్పి, ముక్కు బండరాయికి ఆనేలా నిలిపేది. స్టీరింగుకు ఇనుపకడ్డీ తాళం బిగించేది. వెనక చక్రం సందుల్లోంచి గొలుసు దూర్చి చెట్టు మొదలుకు కట్టేది. ఏదో ఉందనుకుని ఎవరూ అద్దం పగలగొట్టకుండా ముందుసీటు ఎదురుగా ఉండే అర తెరిచి, ఖాళీగా ఉందని చూపించి వదిలేది. మగమనిషి తోడున్నాడనుకునేలా సీటు కింద మగవాళ్ల పాతబూట్లు ఒక జత కనపడేలా పెట్టేది. ఆఖర్న బానెట్ ఎత్తి, పెట్రోలు పంపును నడిపించే చిన్న నల్లటి డబ్బీని, అదే మెకానిక్కులు రిలే అంటారే, దాన్ని ఊడబీకి నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకునేది. అది లేకపోతే తాళంచెవి చేతికిచ్చినా బండి కదలదు.

"అక్కా, ఈ బండి ఎత్తుకెళ్లాలంటే దొంగ ముందు నీ దగ్గర ట్యూషన్‌కి చేరాలి" అనేవాడు చిన్నోడు.

"నవ్వు నవ్వు. నడిచి ఇంటికెళ్లింది నువ్వు కాదుగా" అనేది ఆమె.

ఆసారి వచ్చింది సర్వేయరూ, అతని మనుషులిద్దరూ. కొండ మీద అయిదు రోజుల పని. రెండో రోజు సాయంత్రం చిన్నోడు పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని ఉన్నట్టుండి ముందుకు వంగిపోయాడు. బొడ్డు చుట్టూ నొప్పన్నాడు. ఏదో తిన్నది పడలేదనుకుంది అక్క. గంట గడిచాక నొప్పి కుడివైపు దిగింది. వాంతయింది.

"అక్కా, కిందికెళ్లిపోదామా?" అన్నాడు.

"చీకటి పడుతోందిరా. ఈ రాళ్లలో ఎక్కడ దిగుతాం? పొద్దున చూద్దాం, పడుకో."

ఆమె మాటలో అబద్ధం లేదు. కానీ సర్వేయరు పని మధ్యలో ఆగిపోతుందన్న ఆలోచన కూడా ఆమెకు ఓ మూల ఉంది. అది ఆమెకు తెలుసు.

తెల్లవారుజామున నొప్పి తగ్గిందని చిన్నోడు చెప్పాడు. కాస్త నవ్వాడు కూడా. ఆమె గుండె మీది బరువు దిగిపోయింది. వెలుతురు వచ్చాక నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే ఒళ్లు కాలిపోతోంది. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది, వేలు తగిలితే చాలు అరిచాడు.

సర్వేయరు దగ్గరికొచ్చి చూసి టోపీ తీసేశాడు. "అమ్మా, మా అన్నకి ఇలాగే అయింది. లోపల పేగు పగిలితే నొప్పి తగ్గినట్టే ఉంటుంది. ఇంక ఒక్క నిమిషం కూడా ఇక్కడ ఉండకూడదు."

భూమి కొలిచే పొడవాటి కర్రలు రెండు తీసుకుని, వాటికి డేరాగుడ్డ చుట్టి, అతన్ని పడుకోబెట్టారు. నలుగురూ నాలుగు మూలలు పట్టారు. ఎనిమిది కిలోమీటర్ల దిగుడు. ఒకరి కాలు జారితే నలుగురూ జారతారు. ప్రతి కుదుపుకీ చిన్నోడు పళ్లు కొరికేవాడు. కాసేపటికి పళ్లు కొరకడం కూడా మానేశాడు. దాంతో ఆమెకు ఇంకా భయమేసింది.

"చిన్నోడా, మాట్లాడరా. ఏదో ఒకటి వాగు."

"నువ్వే... వద్దంటావుగా... వాగొద్దని" అన్నాడు కళ్లు తెరవకుండా.

సగం దారిలో వాగు దాటుతుంటే ఒక పక్క కట్టు ఊడిపోయింది. అతను పక్కకు ఒరిగి నీళ్లలో పడబోయాడు. ఆమె నడుముకున్న పట్టీని ఒక్క లాగున విప్పి, సంచిని రాతి మీద పడేసి, ఆ పట్టీతో అతని ఛాతీని కర్రకు బిగించి కట్టింది. "పదండి, పదండి" అంటూనే ఉంది. అందరూ గట్టెక్కారు.

జాగా చేరేసరికి పన్నెండు దాటింది. వ్యాను ఉంది. దాన్ని చూడగానే ఆమెకు ఏడుపొచ్చింది. చిన్నోణ్ణి వెనకసీట్లో పడుకోబెట్టారు. మెడలోని తాడుకున్న తాళంచెవులతో గొలుసు విప్పింది, కడ్డీ తీసింది. తాళం తిప్పితే సెల్ఫ్ తిరిగింది గానీ ఇంజన్ అందుకోలేదు. అప్పుడు గుర్తొచ్చి బానెట్ ఎత్తింది, చెయ్యి నడుము మీదికి పోయింది. నడుము ఖాళీ.

ఆమె నేల మీద కూలబడింది. సంచి వాగులో రాతి మీద ఉంది. పోయి రావడానికి మూడు గంటలు. ఇంకో రిలే ఉంది, ఇంట్లో బీరువా సొరుగులో. జాగాలో ఇంకే బండీ లేదు.

"నా తమ్ముణ్ణి నేనే చంపుకుంటున్నాను సారూ" అంది. చేతులతో తల కొట్టుకుంది. "నేనే, ఈ చేతుల్తోనే..."

సర్వేయరు మనుషుల్లో ఒకడు అప్పటికే వెనక్కి, వాగు వైపు పరుగు తీశాడు. రెండోవాడు ఎవరైనా కనపడతారేమోనని రోడ్డు పట్టుకుని కిందికి పోయాడు. సర్వేయరుకు బండ్ల సంగతి ఏమీ తెలియదు. ఏం చెయ్యాలో తోచక తెరిచి ఉన్న బానెట్ లోకి తొంగి చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, మీరు తీసింది ఈ ఖాళీలోదేనా? పక్కన అలాంటివే ఇంకా ఉన్నాయి కదా. అవి పనికిరావా?"

ఆమె తలెత్తింది. లేచి వచ్చి చూసింది. ఖాళీ గూడు పక్కనే నల్లటి డబ్బీలు వరసగా ఉన్నాయి. మూడేళ్లుగా ఆమె ఈ మూత తెరుస్తోంది, మూస్తోంది. ఆమె కళ్లకు ఒక్కటే కనపడేది. హెడ్‌లైటుది పీకింది. దానికి అయిదు కాళ్లు, గూట్లోకి దిగలేదు. హారన్‌ది పీకింది. నాలుగు కాళ్లు. నొక్కితే టక్కున దిగింది.

తాళం తిప్పగానే ఇంజన్ పలికింది.

సంతోషపడటానికి కూడా ఆమెకు ఊపిరి చాల్లేదు. కానీ మొదటి మలుపు తిప్పుతుంటే విషయం తట్టింది: తెలిసిన దొంగ ఎవడైనా రెండు నిమిషాల్లో ఈ పని చేసుండేవాడు. ఇన్నాళ్లూ నడుముకు కట్టుకుని తిరిగిన ధైర్యానికి విరుగుడు బానెట్ కిందే ఉంది.

హారన్ లేని వ్యాను ఆ మలుపుల్లో గుడ్డిదాని కింద లెక్క. సర్వేయరు నడుము దాకా కిటికీలోంచి బయటికి వంగి, వ్యానులో దొరికిన స్టీలు పళ్లేన్ని గరిటెతో బాదుతూ, "తప్పుకోండి! తప్పుకోండి!" అని గొంతు చించుకున్నాడు. దారిలో రోడ్డున పోతున్న తన మనిషిని ఎక్కించుకోవడానికి కూడా ఆగనివ్వలేదు. వెనక సీటు నుంచి ఏ చప్పుడూ లేదు. ఆమె అద్దంలోకి చూడలేదు. చూస్తే చేతులు ఆడవని భయం.

ఆసుపత్రి మెట్ల ముందు బండి ఆపి, ఇంజన్ ఆపకుండానే దూకి లోపలికి పరిగెత్తింది. పెద్ద డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "రాత్రే పగిలింది. లోపలంతా చీము పాకింది. తెరిస్తే గానీ ఏమీ చెప్పలేను" అంది.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. మూడో రోజు జ్వరం మళ్లీ ఎక్కి, రెండోసారి పొట్ట తెరిచారు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఆమె వ్యాను సంగతే మరిచిపోయింది. దాన్ని గోడ పక్కకు తోసిపెట్టిన వాచ్‌మన్ తాళంచెవి తెచ్చి, "ఇలా వదిలేసి పోతే ఎలాగమ్మా, ఎవడైనా ఎత్తుకెళ్తే?" అని కోప్పడ్డాడు. ఆమె తాళంచెవి అందుకుని బల్ల మీద పెట్టి, మళ్లీ ఆపరేషన్ గది తలుపు వైపు తిరిగింది.

ఇరవై ఆరో రోజున చిన్నోడు గోడ పట్టుకుని వరండా చివరిదాకా నడిచాడు. మనిషి సగమయ్యాడు.

"ఆ సాయంత్రం కిందికెళ్దామన్నావు. నేను వినలేదు" అంది ఆమె.

"చీకటి కదక్కా."

"చీకటొక్కటే కాదురా. పని ఆగిపోతుందనుకున్నాను."

అతను గోడ పట్టుకునే వెనక్కి రెండడుగులు వేశాడు. తర్వాత, "సరే, నాకు తెలుసులే" అన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు. ఆమె అడగలేదు.

ఇక బరువులు మోయకూడదన్నారు డాక్టర్లు. ఆరు నెలల తర్వాత ఆమె మళ్లీ పనిలోకి దిగినప్పుడు చిన్నోడు కూడా వచ్చాడు, కాకపోతే కొండెక్కడానికి కాదు. జాగాలో రేకుల పాక ఒకటి వేసుకున్నాడు. అక్క వ్యానునూ, పైకి పోయేవాళ్ల బళ్లన్నిటినీ అతనే చూస్తున్నాడు. మొదటిరోజు సర్వేయరు బృందాన్ని వెంటబెట్టుకుని ఆమె పావుగంట నడిచి, వాళ్లను ఆగమని చెప్పి వెనక్కి వచ్చింది.

"ఏం మరిచిపోయావక్కా?"

"ఏం లేదు. కడుపులో ఎలా ఉంది?"

"బాగానే ఉంది. పో."

ఆమె పాక ముందున్న చెక్కబల్ల మీద అతని పక్కన కూర్చుంది. పైన మలుపులో సర్వేయరు బరువు దించుకుని, తొందరేమీ లేదన్నట్టు ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు.