బాలయ్య కళ్ళు తెరిపించిన పని

1984 వేసవి. కామాటిపురాలో, ఫాక్‌లాండ్ రోడ్ వైపు తిరిగే ఒక గల్లీ మొదట్లో నాకు ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళి ఫోటోల కన్నా పోయినవాళ్ళ ఫోటోలే ఎక్కువ తీసేవాణ్ణి. వరస గదుల మా తెలుగు చాళ్ళలో కూలి చేసుకునేవాళ్ళు చాలామంది బతికుండగా ఫోటో దిగరు. మనిషి పోయాక, స్నానం చేయించి గోడకు ఆనించి కూర్చోబెట్టినప్పుడు నన్ను పిలుస్తారు. ఆ ఫోటోలో మూసి ఉన్న కళ్ళను కుంచెతో తెరిచి ఇవ్వాలి. ఈ పనిని ఫినిషింగ్ అంటాం. చనిపోయినవాడి కళ్ళు ఎలా ఉండేవో నాకు తెలియదు కదా. అవి ఎవరికి వచ్చాయని ఇంటివాళ్ళను అడిగి, ఆ బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసేవాణ్ణి.

ఆ వేసవిలో నగరంలో మతకల్లోలం. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి బిల్డింగ్ పనులు చేసే బాలయ్య, పని నుంచి ముస్లింలు ఎక్కువగా ఉండే నాగ్‌పాడా మీదుగా తిరిగి వస్తూ నుదుటి మీద దెబ్బ తగిలి చనిపోయాడు. ఎవరు కొట్టారో చూసినవాళ్ళు లేరు. శవం చాల్ ముందుకు వచ్చాక నర్సింగ్ అనే గల్లీ నాయకుడు నన్ను పిలిపించాడు. బాలయ్య భార్య ఎల్లమ్మ అతని నుదుటి మీదికి తువ్వాలు లాగబోతే, నర్సింగ్ ఆపాడు.

"ఉండనీ. గాయం కనపడాలె."

ఒక్క నెగటివ్ తీసి వచ్చేశాను. మర్నాడు నర్సింగ్ షాపుకు వచ్చాడు.

"మాస్టర్, తలుపంత పెద్దగ చెయ్. గాయం మీద ఎర్రరంగు జర ఎక్కువ కొట్టు. దినాలనాడు జులూస్‌కు ముంగట పట్టుకపోతం, నాగ్‌పాడా మీదికెంచి."

"ఎర్రరంగు ఎందుకు దాదా?"

"పబ్లిక్‌కు కోపం రావొద్దా? పుస్తకాలు చదువుతవ్, నీకు జెప్పాల్నా? ఆర్ట్ అంటే అదే."

యుద్ధాల మీద వేసిన బొమ్మలు నేనూ పుస్తకాల్లో చూశాను. శవాలను దాచకుండా వేసినవాళ్ళంటే నాకు గౌరవం. వాళ్ళు చంపడం ఆపమని వేశారు. ఇతను మళ్ళీ చంపడానికి వేయమంటున్నాడు, దానికీ ఆర్ట్ అనే పేరు పెడుతున్నాడు. రెండేళ్ళ ముందు, మిల్లుల సమ్మెలో మా అన్న లాఠీ దెబ్బలకు పోయినప్పుడు కూడా ఎవరో పెద్ద బోర్డు వేయించారు. బోర్డు మీది మనిషికి గుబురు మీసం. మా అన్న ఎన్నడూ మీసం పెంచలేదు. ఆయన ముఖం ఎలా ఉండేదని మా ఇంటికి వచ్చి అడిగినవాడు లేడు.

సాయంత్రం ఎల్లమ్మ నాలుగేళ్ళ కూతురిని చంకనేసుకుని వచ్చింది.

"అన్నా, కండ్లు తెరిపియ్యవా? నాయన ఎప్పుడు లేస్తడు అని అడుగుతుంది. ఆ గాయం గూడ తీసెయ్. ఆయన మా ఇంట్లకు గట్ల ఎన్నడూ రాలే."

"గాయం ఉంచమని దాదా చెప్పి పోయాడమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. "దాదాకు ఆయన ఏమైతడు? నాకు మొగడు."

కళ్ళు ఎవరికి వచ్చాయని అడిగాను. పిల్లను చూపించింది. స్టూలు మీద కూర్చోబెడితే అది కాళ్ళూపుతూ "నవ్వాల్నా?" అంది. నీ ఇష్టం అన్నాను. నవ్వలేదు.

మామూలుగా ఫినిషింగ్ అంతా ప్రింటు మీదే చేస్తాం, నెగటివ్‌ను ముట్టుకోం. ఈసారి నెగటివ్ మీదే మొదలుపెట్టాను. గాయం ఉన్నచోట రంగుతో పూడ్చాను. కనుపాపల చోట సన్నని కత్తితో గీకాను. నెగటివ్‌లో గీకేసినది మళ్ళీ రాదు. ఆ శవం ఫోటో ఇక ఎవరికీ దొరకదు. తర్వాత ప్రింటు తీసి, పిల్ల కళ్ళు చూస్తూ మిగతా పని చేశాను.

నర్సింగ్ వచ్చి ప్రింటు చూశాడు. బాలయ్య అతన్ని చూస్తున్నాడు.

"ఏంది మాస్టర్, నువ్వు ఫోటోగ్రాఫర్‌వా, డాక్టర్‌వా? సచ్చినోన్ని లేపి కూసోబెట్టినవ్. ఈ మొకం జూస్తే ఎవనికి కోపమొస్తది?"

"ఎవరికీ రాదు."

"అసలుది తియ్."

"లేదు. ఉన్నది ఇదే."

"నువ్వు ఈ గల్లీలనే బతకాలె. యాద్ పెట్టుకో," అని పోయాడు.

దినాలనాడు ఊరేగింపు ఆగలేదు. సినిమా బోర్డులు వేసే ఒకతనితో నెత్తురు కారే మనిషిని వేయించుకున్నారు. కింద బాలయ్య పేరు రాశారు. ఆ బొమ్మకూ గుబురు మీసమే. చాల్ వరండాలో ఎల్లమ్మ పక్కన నేనూ నిలబడ్డాను. బోర్డు మా ముందు నుంచి పోతుంటే పిల్ల అడిగింది.

"ఎవరే అమ్మా?"

"ఏమో బిడ్డా. మనోళ్ళు కాదు."

నాగ్‌పాడా మలుపులో రాళ్ళు పడ్డాయి. ఇంకెవరి ఇంటికో శవం వెళ్ళింది. బాలయ్య ముఖం లేకుండానే వాళ్ళ పని అయిపోయింది. నేను చేసింది ఒక్క రాయిని కూడా ఆపలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ ఆ ఇంటి గోడ మీద మాత్రం బాలయ్య కళ్ళు తెరిచే ఉన్నాడు.

ఆ తర్వాత షాపు మూసేదాకా, పోయినవాళ్ళ ఫోటో పని మీద ఎవరు వచ్చినా, సైజు ఎంత కావాలని అడగడానికి ముందు ఇంకో మాట అడిగేవాణ్ణి. ఆయన మీకేమవుతాడు?