లెక్కల పెట్టెతో జమ్మలమడుగు దాకా

హోటలు వాళ్లు చట్నీని ఇడ్లీ మీదే ఎందుకు పోస్తారో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు. పక్కన వెయ్యమంటే, విన్నట్టు తల ఊపి మరీ పోస్తారు. ప్రొద్దుటూరు బస్టాండు ఎదుట ఆ ఉదయమూ అదే జరిగింది. తిని, ఏడు గంటల జమ్మలమడుగు బస్సెక్కాను.

రాజధాని కర్నూలులో ఉన్న రోజులవి. గణాంక శాఖలో నా ఉద్యోగం పేరు కంప్యూటర్. అప్పటి కంప్యూటరుకు నెలజీతం, సెలవులు, అప్పుడప్పుడు జలుబు ఉండేవి. లెక్కచేసే యంత్రం వేరు. ఇనుముది, పక్కన పిడి. ముందుకు తిప్పితే గుణకారం, వెనక్కి తిప్పితే భాగహారం. దాని చెక్కపెట్టెను బస్సు టాపు మీద వెయ్యకూడదని ఆఫీసు ఉత్తరువు. ఒళ్లో పెట్టుకున్నాను. నా మోకాళ్ల గురించి ఉత్తరువులేవీ లేవు.

పక్క సీటు పెద్దాయన పెట్టెను తట్టి చూశాడు. "హార్మోనీ పెట్టెనా అప్పా? నాటకం యాడ?"

"నాటకం కాదు, జొన్న పంట లెక్క."

"ఈ యేడు పంటే ల్యాకపాయె. దాని లెక్కకు ఇంత బరువు పెట్టె ఎందుకప్పా?"

జమ్మలమడుగులో దిగి, లెక్కకు ఎంపికైన పల్లెకు ఎద్దులబండి కట్టించుకున్నాను. ఆ దారిన వెళ్లేవారు గొడుగు మరవొద్దు. నల్లరేగడి బీటలు వారి ఉంది. నీడ అనదగ్గది గండికోట కొండల వైపే, అదీ చూసుకోవడానికే.

ఒక్కో చేలో ఒక మూల కొంత పంట కోసి తూచి, దాన్నిబట్టి ఊరంతటి దిగుబడి కట్టడం మా పని. ఆ ఊళ్లో మేము కొయ్యాల్సిన చేలు రెండు. ఏ మూల కొయ్యాలో మనిషి ఎంచకూడదు. వరసా వావీ లేకుండా అంకెలు అచ్చువేసిన పుస్తకం ఒకటుంటుంది. అది చెప్పినన్ని అడుగులు నడిచి, ఆగినచోట మేకు పాతాలి. మా వృత్తిలో మడి అంటే ఇదే.

మొదటి చేలో కంకులకు గింజ కంటే గాలి ఎక్కువ. పదహారణాల పంటలో నాలుగణాలు కూడా రాలేదని తేలితే శిస్తు మాఫీ అవుతుందని ఊరి ఆశ. తేల్చేది తహసీల్దారే. ఆయన మా అంకె చూస్తాడని ఊరికి తెలుసు, నాకూ తెలుసు.

రెండోది ఖాదర్ చేను. పుస్తకం ప్రకారం నడిచి ఆగేసరికి, అంత ఎండిన చేలో ఆ ఒక్క మూల జొన్న నా తలను మించి ఉంది.

"ఈడ వద్దు సారూ," అన్నాడు ఖాదర్. "పోయినేడు ఈడ గొర్లమంద కట్టిచ్చినా. అది పెంట బలం, పంట కాదు. ఆడ పాతు మేకు."

కాపరికి ఇన్ని గింజలు కొలిచి, రాత్రిళ్లు మందను చేలో పడుకోబెట్టించుకోవడం అక్కడి పద్ధతి. ఖాదర్ స్తోమత ఆ మూల వరకే వచ్చింది.

"ఇది చీటీ తీసినట్టు ఖాదర్. మార్చకూడదు."

"చీటీనే గదా, ఇంగోసారి తియ్యి."

శాస్త్రం మీద ఇంత సూటి ప్రశ్న నన్ను పరీక్షల్లో కూడా అడగలేదు. మేకు పాతాను.

కోసి, నూర్చి, తూచేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఖాదర్ భార్య హుస్సేన్‌బీ జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. తిని అరుగు మీద యంత్రం విప్పాను. చూడ్డానికి ఊరు చేరింది. సగటు కోసం పిడి వెనక్కి తిప్పుతుంటే ఠంగున గంట మోగింది.

"తప్పంట! గంట కొట్టె!" ఖాదర్ ఎగిరి లేచాడు. "యంత్రమే చెప్తాంది సారూ, యేరే జాగా కొయ్యి!"

భాగహారంలో ఒక చుట్టు ఎక్కువైతే గంట మోగుతుందని, ఒక చుట్టు ముందుకు తిప్పితే సరిపోతుందని, ప్రతి అంకెకూ ఇంతేనని చెప్పాను. రెండో గంటకు ఖాదర్ నా ముఖం చూశాడు. మూడో గంటకు కూర్చున్నాడు. సగటు నాలుగణాలు దాటింది. ఎక్కువేం కాదు, మాఫీ పోయేంత.

మర్నాడు ఎనిమిదింటికి ముద్దనూరు బస్సు. పెట్టెను ఖాదరే నెత్తిన పెట్టుకుని రోడ్డుదాకా తెచ్చాడు. ఆ సీమ మర్యాద అలాంటిది. మోయడానికి పెట్టె కంటే అదే బరువు. పులివెందులలో పుట్టింటికని హుస్సేన్‌బీ కూడా అదే బస్సెక్కి, నా ముందు సీటులో కూర్చుంది. ఎన్నో ఊళ్లు కలిపితే హెచ్చుతగ్గులు సర్దుకుంటాయని మా చదువు. ఆ ఊరికి చేలు రెండే. అయినా ఊరుకోలేక చెప్పాను.

"జిల్లా మొత్తం మీద సగటు సరిగ్గానే వస్తుందమ్మా."

ఆమె వెనక్కి తిరిగింది.

"ఊరంతా ఎండింది నీకు కనపల్యా సారూ. గొర్లు పండుకున్న జాగా మాత్రం కనపడె."