ఏడ్పు మానిన ఐలవ్వ

ఐలవ్వ గొంతు తెల్వనోళ్లు మెదక్‌ల లేరు. ఆ గొంతు మన వాకిట్ల వినవడాలని కోరుకున్నోళ్లు గూడ లేరు. అది వినవడ్డదంటే ఆ ఇంట్ల మనిషి పోయినట్టే.

పొద్దంత బీడీలు చేసేది. ఎక్కడన్న సావైందంటే బీడీల చాట పక్కకు వెట్టి ఉరికేది. పిలిస్తే పోయేది, పిలువకున్నా పోయేది. పైసలకు గాదు. పోయినోళ్ల తలకాడ కూసోని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోని రాగం తీసేది. పోయిన మనిషి ఎట్ల నవ్వేటోడు, ఏ కూరంటే పానమిచ్చేటోడు, ఏ తమ్మునితోని మాటల్లేకుంటనే పోయిండు, అన్నీ వరుసవెట్టి చెప్పుకుంట ఏడ్సేది. అప్పటిదాంక టెంటోడు రాలేదని, ఫ్రీజర్ డబ్బ రాలేదని లొల్లి చేస్తున్న కొడుకులు గూడ గోడకు ఒరిగి గొల్లుమనేటోళ్లు. ఆమె ఏడిస్తే గని పోయినోడు నిజంగ పోయిండని ఇంటోళ్లకు నమ్మకం కుదరకపోయేది.

ఎవలు నేర్పిండ్రంటే ఎవలు నేర్పలే. చిన్నపిల్లప్పుడు నాయనమ్మ పోతే అట్లనే నోట్లెకెళ్లి వచ్చింది, అంతే.

కని ఐలవ్వకు ఆ గొంతంటే అసయ్యం. ఆమె పానమంత వాడల ఉన్న చిన్న ప్రార్థన మందిరంల పాటల జట్టు మీదనే ఉండె. క్రిస్మస్ పొద్దున తెల్లచీరలు కట్టుకోని, పుస్తకాలు వట్టుకోని వరుసగ నిలవడి పాడేటోళ్లను చూస్తే పానం కొట్టుకునేది. లగ్గం గాకముందు నుంచి ఒక్కటే కోరిక, ఒక్క పండుగకన్న ఆ వరుసల నిలవడాలని. గదేమన్న పెద్ద కోరికనా, మీరే చెప్పుండ్రి! మేడలడిగిందా, మిద్దెలడిగిందా?

ఒక ఆదివారం పాస్టరయ్య వాక్యం చెప్పుకుంట, "దేవుడు మనిషి మనిషికి ఒక్కో వరమిస్తడు. దాంతోని ఏం చెయ్యాల్నో ఆ ఆశ గూడ ఆయననే గుండెల వెడతడు" అన్నడు. ఐలవ్వ సక్కగ సదురుకోని కూసున్నది. అంటే ఈ ఆశ నాది గాదు, ఆయనదే! మరి ఇన్నేండ్లు ఎందుకు సిగ్గువడ్డ అనుకోని, ప్రార్థన అయిపోంగనే పాటల జట్టు నడిపే విక్టర్ సారు ముంగట వొయి నిలవడ్డది.

విక్టర్ సారు బడిపంతులు. మంచోడు. "పాడక్కా" అని కీబోర్డు మీద చేతులు వెట్టిండు. ఐలవ్వ కండ్లు మూసుకోని పుట్టిన పండుగ పాట ఎత్తుకున్నది. రెండో చరణం కాకముందే వెనుక కుర్చీలు సదురుతున్న ముసలామె కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. సారు చేతులు తీసిండు.

"ఏమనుకోకక్కా. యేసయ్య పుట్టిండని పాడుమంటే, పోయిండన్నట్టు పాడుతున్నవ్."

ఐలవ్వ తల దించుకున్నది. సారుకు పాపమనిపించింది. "ఒక పని చెయ్యి. సావులకు పోవుడు బంద్ వెట్టు. వచ్చే పండుగ దాంక ఒక్క ఏడ్పు గూడ ఏడ్వకు. శనివారం శనివారం వచ్చి నాతోని స్వరాలు పాడు. గొంతుల ఆ వణుకు పోయిందంటే నేనే నిన్ను ముంగట వరుసల నిలవెడత" అన్నడు. ఆ మాటల కుళ్లు లేదు. కుళ్లుంటేనే బాగుండు, ఐలవ్వ ఇనకపోతుండె.

ఇంటికొచ్చి చెప్తే పెనిమిటి మోషే పక్కున నవ్విండు. "నువ్వు బంద్ వెడితే ఊరోళ్లు సచ్చుడు బంద్ వెడతరానే?"

ఊరోళ్లు సచ్చుడు బంద్ వెట్టలే, ఐలవ్వ పోవుడు బంద్ వెట్టింది. సచ్చినప్పుడల్ల ఎవలో ఒగలు గడపకాడికొచ్చి బతిమిలాడేటోళ్లు. గొంతు మంచిగ లేదని చెప్పి పంపేది. "మా నాయినకు రానిదానివి, నీ సావుకు ఎవలొస్తరో మేం గూడ చూస్తం" అని మన్నువోసి పోయినోళ్లున్నరు. ఐలవ్వ చెవులు మూసుకోని బీడీలు చేసుకుంట స్వరాలు నెమరేసుకునేది. వణుకు తగ్గింది. ఇస్త్రీ చేసిన బట్ట తీరుగ గొంతు సాపు అయింది.

పక్కింటి ఆగమ్మ ఒక్కతే ఏమనలే. ఇద్దరు ఒక్క రేకుల కిందనే కూసోని బీడీలు చేసేటోళ్లు. "నువ్వు పాటలు పాడుతవో, డ్యాన్సులే చేస్తవో, నాకేందే చెల్లె! నా సావుకు మాత్రం ఏడ్సుడు మర్శిపోకు" అని కిలకిల నవ్వేది.

ఒకనాడు నవ్వకుంట చెప్పింది. ఆగమ్మకు ఎన్కట ఒక బిడ్డ పుట్టింది. పేరు సుమన. అప్పుడప్పుడే అడుగులేసేది, జరమొచ్చి పోయింది. ఫోటో గూడ లేదు. మల్ల పిల్లలు గాలే. ఆ పేరు తీస్తే తనకు, పెనిమిటి ఎల్లంకు ఇద్దరికి అన్నం దిగకపోయేది. అందుకే ఆ ఇంట్ల ఆ పేరే తియ్యరు.

"నేను పోయిననాడు సుమనా అని గట్టిగ పిలువవే చెల్లె. గంతమంది ముంగట నా బిడ్డ పేరు వినవడాలె. అది ఉండెనని ఎవలకన్న తెల్వాలె గద!"

"పిలుస్తనక్కా" అని ఐలవ్వ ఆమె చెయ్యి వట్టుకున్నది. ఆగమ్మ గుండురాయి లెక్కుండె. ఇప్పట్ల ఎక్కడ పోతదిలే అనుకున్నది.

పండుగ ఎల్లుండి అనంగ, ఆగమ్మ చాట ముంగటనే పక్కకు ఒరిగింది. ఆటోల ఎక్కిచ్చి దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయింది.

ఐలవ్వ తలకాడ కూసున్నది. ఆమె కూసుంటే అందరు గప్‌చుప్ అయిండ్రు. ఎల్లం ఆమె దిక్కే చూసుకుంట ఉన్నడు. కడుపులకెళ్లి ఏడ్పు తన్నుకోని గొంతు దాంక వచ్చింది. సరిగ్గ అప్పుడే తెల్లచీర యాదికొచ్చింది. ఏడాది కష్టం, ఒక్క ఏడ్పుతోని మట్టిగలుస్తది. పదకొండోనాడు దినాలుంటయి గద, అప్పుడు తీరుబడిగ ఏడుస్త అని మనసుకు చెప్పుకోని, కొంగు నోట్లె కుక్కుకున్నది. తీరుబడిగనంట! సావుకు గూడ తీరుబడి సూసుకున్నది, సూడుండ్రి.

"ఐలవ్వా..." అన్నడు ఎల్లం. ఆమె తల ఎత్తలే. డప్పులు కొట్టుకుంట ఆగమ్మను తీస్కపోయిండ్రు.

క్రిస్మస్ పొద్దున ఐలవ్వ ముంగట వరుసల నిలవడి పాడింది. ఎక్కడ వణుకు లేదు, జీర లేదు. తన గొంతేదో పక్కామె గొంతేదో తనకే తెల్వలే. అయిపోంగనే విక్టర్ సారు మస్తు ఖుషీగ వచ్చిండు. "చూసినవా అక్కా, ఎంత మంచిగ కలిసిపోయినవో! నువ్వు పాడుతున్నవని ఎవ్వలకు తెల్వనే లేదు!"

ఐలవ్వ నవ్వి, కేకు ముక్క తిని ఇంటికొచ్చింది.

దినాలనాడు ఎల్లం ఇంటి ముంగట టెంటేసిండ్రు. ఎల్దుర్తి నుంచి ఆగమ్మ తరఫు సుట్టాలొచ్చిండ్రు. ఫోటో ముంగట కూర, కల్లు వెట్టిండ్రు. ఐలవ్వ పోయి కూసోని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నది. ఎల్లం అందర్ని సప్పుడు చెయ్యకుండ్రి అని చేతితోని సైగ చేసిండు.

"అక్కా..." అని రాగం ఎత్తింది. సాపుగ వచ్చింది. మల్ల ఎత్తింది. శనివారం స్వరమే వచ్చింది. ఆగమ్మ నవ్వు, ఆగమ్మ చాట, ఆగమ్మ చెయ్యి అన్నీ కండ్ల ముంగటనే ఉన్నయి, కని నోట్లెకు ఒక్కటి రాలే. కంట్ల సుక్క లేదు. సుట్టాలు ఒగల ముఖం ఒగలు చూసుకున్నరు. ఇంకొంతసేపటికి ఎవల ముచ్చట వాళ్లు వెట్టుకున్నరు.

ఐలవ్వకు దేవుని మీద కడుపు మండింది. వరమిచ్చినోనివి నువ్వే, ఆశ వెట్టినోనివి నువ్వే. రెండు ఒక్క దిక్కు వెడితే నీ సొమ్మేం పోవు దేవా? ఏది ఇడవాల్నో ఏది వట్టుకోవాల్నో ఒక్కమాట చెప్పకపోతివి! ఒక్కపాలి, ఈ ఒక్కపాలి ఆ గొంతు తిరిగియ్యి అని పండ్లు కొరుక్కోని,

"సుమనా!" అన్నది.

బడిల హాజరు పిలిచినట్టు వచ్చింది.

ఎవ్వలు ఉలికివడలే. కూరగిన్నె వట్టుకోని పోతున్న ఒకామె మాత్రం ఆగింది. "సుమన ఎవలు? అన్నానికి పిలుస్తున్నరా?"

ఎల్లం ఐలవ్వ దిక్కు చూడలే. ఫోటో దిక్కు చూడలే.

"ఎవలు లేరు తల్లీ, నువ్వు వడ్డియ్యి" అన్నడు.