టెన్షన్ పుట్టుక

ఆదోనిలో ఇంగ్లీషు లెక్చరర్ భీమసేనరావు ముందు ఎవరూ టెన్షన్ అనకూడదు. అన్నారా, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ మొదలుపెడతాడు. లాటిన్‌లో అది లాగి పట్టడమట. ఎమ్మిగనూరు మగ్గం మీద పడుగు దారాలకుండే బిగువూ అదేనట. మనసుకు అంటుకున్నది చాలా తర్వాతనట. చెప్పేదంతా నిజమే. వినేవాళ్లు మాత్రం బస్సు వచ్చిందంటూ లేచి వెళ్లిపోతారు.

మొన్న చెల్లెలు దేవకి భర్తకు ఆపరేషన్. ఆస్పత్రి వరండాలో ఆమె, "టెన్షన్‌గా ఉందన్నా. ఆయనదీ నీదీ ఒకటే గ్రూపు. రక్తం ఇస్తావు కదా?" అంది. భీమసేనరావు కళ్లజోడు తీశాడు. "అసలు ఆ మాట ఎట్లా పుట్టిందంటే, దేవకీ..." "పుడితే పుట్టిందిలే. సూదంటే భయమైతే అదన్నా సెప్పన్నా, ఇంకెవర్నన్నా అడుక్కుంటా." "భయమేంది, పద," అని లేచాడు. నర్సు చేతికి పట్టీ చుట్టి చూసింది. "బీపీ బాగా ఎక్కువుంది సార్. ఇప్పుడు మీ రక్తం తీసుకోం." అయ్యో అనబోయాడు. ఆలోపే గుండెల నిండా గాలి పీల్చి హాయిగా వదిలేశాడు. పక్కనే నిలబడిన దేవకి అది చూసింది. కౌతాళంలోని మరిదికి ఫోన్ చేసింది. "గురుదత్, నువ్వు తొందరగా రాప్పా. మా అన్న..." అని ఆగి, అన్న ముఖంలోకి చూసి, "పాపం, ఇస్తాననే వచ్చినాడు. బీపీ ఉందంట," అంది. ఆమె అన్న పరువు కాపాడుతున్నంతసేపూ భీమసేనరావు కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.