మేకులు లేని ఇల్లు

సోలార్ దీపాలు బిగించే పని మీద పపువా న్యూగినీలో, సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న ఊరికి వెళ్లాను. వెళ్లిన రోజు మధ్యాహ్నమే వాన మొదలైంది. చినుకు కోసం మొహం వాచే బెళుగుప్పలో పుట్టినవాణ్ణి, ఎలా కూర్చుంటాను? దొరికిన బకెట్టూ, గిన్నే, చివరికి అన్నం తినే పళ్లెం కూడా చూరు కింద పెట్టేశాను.

నాకు బస ఇచ్చిన మార్తా చేపల పొలుసు గీకుతూ పగలబడి నవ్వింది. ఆమె వచ్చీరాని ఇంగ్లీషు నా చెవిలో మా ఊరి మాటల్లాగే పడింది.

"ఏమప్పా, వాన యాడికి పోతాది? రేపూ వస్తాది, కూచో."

కాసేపటికి గాలి లేచింది, అలల హోరు పెరిగింది. ఈసారి ఆమె కూర్చోలేకపోయింది. చేపలు వదిలేసి ఇంటి చుట్టూ తిరుగుతూ, గుంజలకు కట్టిన తీగల ముడులు ఒక్కొక్కటే లాగి చూసింది. ఆ ఇంటికి ఎక్కడా ఒక్క మేకు లేదని అప్పుడు గమనించాను.

"మేకులు కొట్టరా?" అని అడిగాను.

"కొడితే విప్పేదెట్లా? సముద్రం ముందుకొస్తే ఇల్లు విప్పుకొని ఎనక్కి పోవల్ల." నీళ్లలో ఊగుతున్న పడవను చూపించింది. "ఒకప్పుడు నా పొయ్యి ఆడ ఉండె. మీ ఊరికి సముద్రం ఎంత దూరం?"

"రాత్రంతా బస్సులో పోవల్ల."

అదృష్టవంతుణ్ణి చూసినట్టు చూసింది. "అయితే మీరు ఇండ్లకు మేకులు కొట్టుకోవచ్చు."

ఆ మేకులు కొట్టిన ఇళ్లకే తాళాలేసి, నీళ్లు లేక మావాళ్లు బెంగళూరు బస్సెక్కుతున్నారు. లేచి, నిండిన పళ్లెం తీసి ఇంకో గిన్నె పెట్టాను.